భూటాన్‌కు పక్కవాళ్ల సాయం: ఏది నిలిచింది, ఏది బరువైంది

2013 జూలైలో భూటాన్ రెండో సాధారణ ఎన్నికలకు రెండు వారాలు కూడా లేవు. సరిగ్గా అప్పుడే అక్కడ వంటగ్యాస్ సిలిండర్ ధర రెట్టింపు దాటిపోయింది. భారత్ ఇస్తున్న గ్యాస్, కిరోసిన్ సబ్సిడీ ఆగిపోవడమే కారణం. తాము సాయం చేసే భూటాన్ పాత పంచవర్ష ప్రణాళిక గడువు జూన్ 30తో ముగిసింది, కొత్త ప్రణాళికకు ఒప్పందం ఇంకా కుదరలేదు అని ఢిల్లీ చెప్పింది. భూటాన్‌లో చాలామంది మాత్రం అలా అనుకోలేదు. అంతకు ముందు ఏడాది తమ ప్రధాని జిగ్మే థిన్లే రియో డి జనీరోలో చైనా ప్రధానిని కలిసినందుకే ఈ శిక్ష అనుకున్నారు. ఆ ఎన్నికల్లో అధికార పార్టీ ఓడింది. 47 స్థానాల్లో 32 గెలిచిన ప్రతిపక్షం గద్దెనెక్కింది, కొన్నాళ్లకు సబ్సిడీ తిరిగొచ్చింది. సిలిండర్ ధర వల్లే ఫలితం మారిందని ఎవరూ రుజువు చేయలేరు. అయితే పక్క దేశం తీసుకునే ఒక నిర్ణయం తమ వంటింటి దాకా రాగలదని ఆ నెలలో ప్రతి భూటానీ కుటుంబానికీ తెలిసొచ్చింది.

అదే పక్క దేశం లేకపోతే ఈనాటి భూటాన్ లేదన్నదీ అంతే నిజం. చిన్న దేశాల అభివృద్ధిలో విదేశీ భాగస్వామ్యాల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు నిజాలనూ ఒకేసారి చూడాలి. సాయాన్ని మొత్తంగా మెచ్చుకునేవాళ్లూ, అదంతా ఉచ్చు అని కొట్టిపారేసేవాళ్లూ సగమే చూస్తున్నారు. భూటాన్ అనుభవం నుంచి తీసుకోవాల్సిన అసలు విషయం సాయం ఎంత వచ్చిందన్నది కాదు. ఏది తీసుకోవాలో, ఏది వద్దనాలో, ఏది ఎంత వేగంతో కావాలో నిర్ణయించే సత్తా ఆ దేశం చేతిలో ఎంత ఉందన్నది. ఆ సత్తా ఉన్న రంగాల్లో భూటాన్ బాగుపడింది. లేని చోట ఇరుక్కుంది.

1950ల చివరి దాకా భూటాన్‌లో కార్లు తిరిగే రోడ్డు లేదు. 1958లో భారత ప్రధాని నెహ్రూ ఆ దేశానికి వెళ్లినప్పుడు సిక్కిం నుంచి టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా గుర్రాల మీద పారో చేరాల్సి వచ్చింది. మరుసటి ఏడాది నుంచి టిబెట్‌లో తిరుగుబాటు, దలైలామా భారత్‌కు రావడం, ఉత్తర సరిహద్దు మూతపడటం వరసగా జరిగాయి. శతాబ్దాలుగా టిబెట్‌తో సాగిన వ్యాపారం ఆగిపోయింది. ఒంటరిగా ఉండటమే రక్షణ అనుకున్న దేశానికి ఆ దారి మూసుకుపోయింది. మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ దక్షిణం వైపు తిరిగాడు. 1961లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. దానికీ, 1966లో మొదలైన రెండో ప్రణాళికకూ పూర్తిగా భారత్ డబ్బే ఆధారం. అదే 1961లో భారత సరిహద్దు రోడ్ల సంస్థ 'దంతక్' పేరుతో సరిహద్దు పట్టణం ఫుంత్‌షోలింగ్ నుంచి రాజధాని థింఫు, పారోల వైపు కొండలు తొలచడం మొదలుపెట్టింది. ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న కూలీలు, సిబ్బంది ఎందరో.

భారత్ ఇదంతా కేవలం ఉదారతతో చేసిందనుకోవడం పొరపాటు. చుంబీ లోయకు ఆనుకుని ఉన్న భూటాన్ పశ్చిమ అంచు నుంచి సిలిగురి దగ్గరి ఇరుకు దారి ఎంతో దూరం లేదు. ఈశాన్య రాష్ట్రాలన్నిటికీ దేశంతో ఉన్న నేలదారి అదొక్కటే. 2017లో చుంబీ లోయ పక్కనున్న డోక్లామ్‌లో రెండున్నర నెలల పాటు భారత్, చైనా సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఈ లెక్క అందరికీ అర్థమైంది. దాతకు స్వప్రయోజనం ఉండటం తప్పేమీ కాదు. నిజానికి స్వప్రయోజనం ఉన్న దాతే నిలకడగా ఉంటాడు. మనసు మారితే వెళ్లిపోయే దాత కంటే అవసరం ఉన్న పొరుగువాడు నమ్మదగ్గవాడని థింఫు పాలకులు తొందరగానే గ్రహించారు.

డబ్బు కంటే ఎక్కువగా గుర్తుండేవాళ్లు ఆ రోజుల్లో వచ్చిన మనుషులు. తొలి బడుల్లో పాఠాలు చెప్పింది ఎక్కువగా భారతీయులే. కేరళ నుంచి వెళ్లిన టీచర్లను అక్కడి పెద్దతరం ఇప్పటికీ తలుచుకుంటుంది. కెనడాకు చెందిన జెసూట్ ఫాదర్ విలియం మాకీ 1963లో డార్జిలింగ్ నుంచి వెళ్లి తూర్పు భూటాన్‌లో బడులు నిలబెట్టాడు. ఇప్పుడు షెరుబ్‌ట్సే కళాశాలగా పేరున్న సంస్థ వెనుక ఆయన శ్రమ ఉంది. 1964లో ఆసియా దేశాల అభివృద్ధి సహకార పథకమైన కొలంబో ప్లాన్ కింద జపాన్ నుంచి వ్యవసాయ నిపుణుడు కైజీ నిషియోకా వచ్చాడు. రెండేళ్ల పనికని వచ్చినవాడు 1992లో చనిపోయేదాకా, అంటే 28 ఏళ్లు, అక్కడే ఉండిపోయాడు. పారోలో చిన్న మడిలో కొత్త కూరగాయల విత్తనాలు వేసి చూపించాడు, వరి నాట్లు వరసల్లో వేయించాడు. రోడ్డు లేని షెమ్‌గాంగ్ ప్రాంతంలో రైతులనే కూడగట్టి వేలాడే వంతెనలు, కాలవలు కట్టించాడు. ఊళ్లు తర్వాత సొంతంగా బాగుచేసుకోలేని యంత్రాన్ని ఆయన తేలేదు. రాజు ఆయనకు 'దాషో' బిరుదు ఇచ్చాడు. ఒక విదేశీయుడికి అది దక్కడం చాలా అరుదు. సాయం కింద వచ్చిన లారీలు, జనరేటర్లు ఎప్పుడో తుప్పుపట్టాయి, ఆ నాట్ల పద్ధతి మాత్రం మిగిలింది.

భూటాన్ బతుకును నిజంగా మార్చింది నీళ్లు. 1974లో రెండు దేశాలు చుఖా జలవిద్యుత్ ప్రాజెక్టు ఒప్పందం మీద సంతకం చేశాయి. 336 మెగావాట్లు. ఖర్చులో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు, వడ్డీ 5 శాతం. భారత్ కట్టిస్తుంది, భూటాన్‌కు అప్పగిస్తుంది, దేశ అవసరానికి పోగా మిగిలిన కరెంటును భారతే కొంటుంది. 1986లో ఉత్పత్తి మొదలైంది. కొనేవాడు ముందే ఖాయమైనందుకు మార్కెట్ భయం లేదు, గ్రాంటు ఎక్కువ కావడంతో అప్పు భారం లేదు. చిన్న దేశానికి ఇంతకంటే మంచి ఒప్పందం దొరకడం కష్టం. ఆ తర్వాత తూర్పున కురిచ్చు 60 మెగావాట్లతో, 2007 నాటికి తాలా 1,020 మెగావాట్లతో వచ్చాయి. తాలాలో ఆనకట్ట ఎత్తు 92 మీటర్లే. నీళ్లు 23 కిలోమీటర్ల సొరంగంలో ప్రయాణించి సుమారు 860 మీటర్ల కిందికి దూకుతాయి, దాని శక్తి అక్కడుంది. శ్రీశైలం కుడి, ఎడమ గట్ల కేంద్రాలు రెండూ కలిపి 1,670 మెగావాట్లు. అందులో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉండే శక్తి, విశాఖపట్నం జనాభాలో సగం కూడా లేని ఒక దేశానికి ఒక్క ప్రాజెక్టుతో వచ్చిందంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 2007లో భూటాన్ ఆర్థిక వృద్ధి దాదాపు 18 శాతం. ఉచిత వైద్యం, పదో తరగతి దాకా ఉచిత చదువు అని రాజ్యాంగంలో ధైర్యంగా రాసుకోగలిగారంటే దాని వెనుక ఈ నీళ్ల డబ్బు ఉంది.

ఇక్కడి నుంచే కథ మలుపు తిరిగింది. 2020 నాటికి 10,000 మెగావాట్ల సామర్థ్యం సాధించాలని రెండు ప్రభుత్వాలూ 2009లో రాసుకున్నాయి. లక్ష్యం పెరిగింది, షరతులు మారాయి. పునాత్‌సాంగ్చు-1కు గ్రాంటు 40 శాతం, అప్పు 60 శాతం. పునాత్‌సాంగ్చు-2కూ, మాంగ్దెచ్చుకూ గ్రాంటు 30, అప్పు 70. వడ్డీ 10 శాతానికి చేరింది. అంటే చుఖా లెక్క పూర్తిగా తిరగబడింది. 1,200 మెగావాట్ల పునాత్‌సాంగ్చు-1 పనులు 2008లో మొదలయ్యాయి. 2013లో ఆనకట్ట కుడిగట్టు కొండ జారింది. తవ్వేకొద్దీ కదిలే కొండను ఆపడానికే ఏళ్లు గడిచాయి. సుమారు 3,500 కోట్ల రూపాయల అంచనా 9,300 కోట్లు దాటింది. పని ఆగినా వడ్డీ ఆగదు కదా. 2019 వచ్చేసరికి మాంగ్దెచ్చు 720 మెగావాట్లు కలుపుకున్నా దేశం మొత్తం సామర్థ్యం 2,300 మెగావాట్ల పైచిలుకే. 10,000 మాట ఎవరూ ఎత్తడం మానేశారు. 1,020 మెగావాట్ల పునాత్‌సాంగ్చు-2ను 2025 నవంబరులో ప్రారంభించారు. పునాత్‌సాంగ్చు-1 ఆనకట్ట పనులు తిరిగి మొదలుపెట్టడానికి ఒప్పుకున్నదీ అప్పుడే.

తప్పు ఎవరిదని అడిగితే ఒక్క పేరు చెప్పడం కుదరదు. కొండల భూగర్భ పరిశోధన సరిపోలేదు, అధికారాలు రెండు దేశాల మధ్య చీలి ఉన్నాయి, ఖర్చు పెరిగితే మోసేది ఎవరన్న ప్రశ్నకు ఒప్పందంలో గట్టి సమాధానం లేదు. చుఖా, తాలా బాగా నడిచాయి కాబట్టి ఈ ప్రశ్న అప్పట్లో ఎవరికీ తట్టలేదు. మంచి స్నేహం ఉన్నచోట కాగితం మీద రాయాల్సినవి రాయకుండా వదిలేయడం ఇళ్లల్లోనే కాదు, దేశాల మధ్యా జరుగుతుంది. చిన్న దేశానికి మాత్రం ఆ ఖరీదు చాలా పెద్దది. భూటాన్ విదేశీ అప్పు దేశ వార్షిక ఉత్పత్తిని మించింది. అందులో అత్యధిక భాగం ఈ ప్రాజెక్టులదే. జలవిద్యుత్ అప్పు తనను తాను తీర్చుకుంటుందని అధికారులు చెబుతారు, ప్రాజెక్టు పూర్తయ్యాక అది నిజమే. పూర్తికాని ప్రాజెక్టు విషయంలో ఆ మాట చెల్లదు. పైగా హిమాలయ నదులు చలికాలంలో సన్నబడతాయి. వేసవిలో కరెంటు అమ్మే దేశం చలికాలంలో అదే భారత్ నుంచి కొనుక్కోవాల్సి వస్తోంది.

ఒకే పొరుగుదేశం, ఒకే సరుకు. దీని ప్రభావం 2012లో రూపాయల కొరతగా బయటపడింది. భూటాన్ కరెన్సీ ఙుల్ట్రమ్ 1974 నుంచి రూపాయితో సమానంగా ముడిపడి ఉంది. ప్రాజెక్టుల నిర్మాణం జోరందుకున్నకొద్దీ సిమెంటు, ఉక్కు, యంత్రాలు, కూలీలు అన్నీ భారత్ నుంచే వచ్చాయి. బ్యాంకులు కార్లకూ ఇళ్లకూ ఉదారంగా అప్పులిచ్చాయి, ఆ కార్లూ భారత్‌వే. చేతిలో డాలర్లు ఉన్నాయి, రూపాయలు లేవు. కేంద్ర బ్యాంకు డాలర్లు అమ్మి రూపాయలు కొనాల్సి వచ్చింది. కార్ల దిగుమతికి, ఇళ్ల రుణాలకు కళ్లెం పడింది. ఒక దేశంలో కట్టే ఆనకట్ట ఆ దేశపు యువతకు ఉద్యోగాలివ్వకుండా పక్క దేశపు సరుకుకు మార్కెట్టుగా మారితే, అంకెల్లో వృద్ధి కనిపిస్తుంది గానీ ఇంట్లో కనిపించదు. 2022లో భూటాన్ యువతలో నిరుద్యోగం 28 శాతం దాటింది.

ఇదంతా చదివితే భూటాన్ ఎవరు ఏది చెబితే అది విన్నదనిపించవచ్చు. అది తప్పు. ఆ దేశం మొదటి నుంచీ జాగ్రత్తగా కిటికీలు తెరుస్తూ వచ్చింది. 1962లో కొలంబో ప్లాన్‌లో, 1971లో ఐక్యరాజ్యసమితిలో చేరింది. అప్పటికి 1949 ఒప్పందం ప్రకారం విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా తీసుకోవాలన్న నిబంధన ఉంది. దానితో తగవు పెట్టుకోకుండానే స్విట్జర్లాండ్, జపాన్, డెన్మార్క్, ఆస్ట్రియా లాంటి దేశాలను పిలిచింది. పెద్ద రాజ్యాల పోటీలో చిక్కుకోకుండా భద్రతామండలి అయిదు శాశ్వత సభ్యదేశాల్లో ఏ ఒక్కదానితోనూ నేరుగా దౌత్య సంబంధాలు పెట్టుకోలేదు. ఆ తర్వాత, 2007లో, సలహా నిబంధనను కూడా మర్యాదగా తీసేయించుకుంది. ప్రతి భాగస్వామికీ ఒక పని అప్పగించడం వీళ్ల పద్ధతి. అడవులు, పశువులు, వేలాడే వంతెనలు స్విస్ వాళ్లకు. చిన్న జలవిద్యుత్, పర్యాటక శిక్షణ ఆస్ట్రియాకు. ఆరోగ్యం, పాలన డెన్మార్క్‌కు. పవర్ టిల్లర్లు, వంతెనలు జపాన్‌కు. ప్రణాళిక మాత్రం థింఫులోనే తయారవుతుంది, దాతలు వచ్చి ఆ కాగితం ముందు కూర్చుంటారు. ఎన్నో పేద దేశాల్లో దీనికి పూర్తి వ్యతిరేకంగా జరుగుతుంది. అక్కడ ఒక్కో దాత ఒక్కో ప్రణాళిక పట్టుకొస్తాడు, మంత్రిత్వ శాఖ అధికారులు నివేదికలు రాయడంతోనే అలిసిపోతారు.

అడవుల విషయంలో ఈ పద్ధతి ఎంత బాగా పనిచేసిందో చూడాలి. 1991లో భూటాన్ పర్యావరణ పరిరక్షణకు ఒక ట్రస్టు నిధి పెట్టుకుంది. ప్రపంచంలో ఇలాంటి జాతీయ నిధి అదే మొదటిది. ప్రపంచ పర్యావరణ నిధి కోటి డాలర్లు ఇచ్చింది, ప్రపంచ వన్యప్రాణి నిధి, నార్వే, నెదర్లాండ్స్ లాంటివీ చేతులు కలిపాయి. అసలు ముట్టుకోరు, దాని మీద వచ్చే రాబడితోనే అటవీ సిబ్బందికి శిక్షణ, పార్కుల నిర్వహణ. దాత వెళ్లిపోయినా పని ఆగదు. పాతికేళ్ల తర్వాత 'భూటాన్ ఫర్ లైఫ్' పేరుతో మరో అడుగు వేశారు. దాతలంతా కలిపి సుమారు 4 కోట్ల 30 లక్షల డాలర్లు ఒకే రోజు సంతకాలతో ముందే జమచేయాలి. లక్ష్యం మొత్తం పోగుపడేదాకా ఎవరి డబ్బూ కదలదు. తర్వాత 14 ఏళ్లలో దాతల నిధి నుంచి వచ్చేది ఏటా తగ్గుతూ పోతుంది, భూటాన్ ప్రభుత్వం పెట్టేది ఏటా పెరుగుతూ వస్తుంది. గడువు ముగిసేసరికి మొత్తం ఖర్చు ప్రభుత్వానిదే. సాయం ముగిసే తేదీ మొదటి రోజే రాసి ఉంటుంది, దానికి సిద్ధపడే దారీ అందులోనే ఉంటుంది. దేశంలో సగానికి పైగా నేల రక్షిత ప్రాంతాల్లో, వాటిని కలిపే వన్యప్రాణి దారుల్లో ఉంది. కనీసం 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది. దాతల ఒత్తిడితో రాసుకున్న షరతు కాదది, తమ షరతు చూపించి దాతలను రప్పించుకున్నారు. విదేశీ సాయంతో నడిచే సంస్కరణల్లో ఇంత తెలివిగా అల్లిన ఏర్పాటు మరొకటి అరుదు.

రాజకీయ సంస్కరణలోనూ చొరవ లోపలి నుంచే వచ్చింది. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1998లో కార్యనిర్వాహక అధికారాలు మంత్రివర్గానికి ఇచ్చేశాడు, 2006లో గద్దె దిగాడు. ఎన్నికలు వద్దు, రాజే చాలని ప్రజలు అంటుంటే పట్టుబట్టి ప్రజాస్వామ్యం తెచ్చాడు. 2007లో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల పేర్లతో ఉత్తుత్తి పార్టీలు పెట్టి దేశమంతటా నమూనా ఎన్నికలు జరిపారు. 2008 మార్చిలో అసలు ఎన్నికలు జరిగాయి. భారత ఎన్నికల సంఘం శిక్షణ ఇచ్చింది, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడుంది. బయటివాళ్లు చేసింది పనితనం నేర్పడం వరకే. బయటి నుంచి రుద్దిన రాజ్యాంగాలు విఫలమైన దేశాల పక్కన పెట్టి చూస్తే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చేదు విషయం దాటవేయకూడదు. 1990ల మొదట్లో దక్షిణ భూటాన్ నుంచి నేపాలీ మాట్లాడే దాదాపు లక్ష మంది వెళ్లగొట్టబడి నేపాల్ శిబిరాల్లో చేరారు. శిబిరాల్లో పుట్టినవాళ్లతో కలిపి 2007 నుంచి లక్షా పదివేల మందికి పైగా అమెరికా తదితర దేశాల్లో స్థిరపడ్డారు. శిబిరాలకు తిండి పెట్టింది అంతర్జాతీయ సంస్థలే, అదే సమయంలో థింఫుకు నిధులిచ్చిందీ అంతర్జాతీయ భాగస్వాములే. ఒక్క కుటుంబం కూడా ఆ సాయం ఒత్తిడితో సొంత ఊరికి తిరిగి వెళ్లింది లేదు. ఆదాయం బదులు ప్రజల ఆనందంతో ప్రగతిని కొలవాలన్న భూటాన్ 'స్థూల జాతీయ ఆనందం' గురించి ప్రపంచమంతా మురిసిపోతున్న రోజుల్లో దాతలు ఈ విషయంలో గొంతు పెంచలేదు. తన మనసులో లేని సంస్కరణను ఒక దేశం చేత డబ్బు చేయించలేదనడానికి ఇదే ఉదాహరణ. భాగస్వాములు అసలు గట్టిగా ప్రయత్నించనే లేదన్నది ఇంకా బరువైన నిజం.

2023 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి అత్యంత వెనుకబడిన దేశాల జాబితా నుంచి భూటాన్ బయటపడింది. గడువు ముందే రావాల్సింది, తమ పన్నెండో ప్రణాళిక ముగిసే దాకా ఆగమని భూటానే అడిగింది. గర్వపడాల్సిన రోజే. కానీ తలసరి ఆదాయం పెరిగేకొద్దీ దాతలు సర్దుకుంటారు. డెన్మార్క్ ద్వైపాక్షిక సాయం అప్పటికే ముగిసింది, చౌక వడ్డీ రుణాలూ తగ్గుతాయి. భారత్ మాత్రం 2024-29 పదమూడో ప్రణాళికకు సాయాన్ని పన్నెండోదాని 4,500 కోట్ల నుంచి 10,000 కోట్ల రూపాయలకు పెంచింది. అంటే భాగస్వాముల సంఖ్య తగ్గి, పాత భాగస్వామి వాటా పెరుగుతోంది. మరోవైపు చదువుకున్న యువత, టీచర్లు, నర్సులు వేల సంఖ్యలో ఆస్ట్రేలియాకు వెళ్లిపోతున్నారు. అరవై ఏళ్ల పాటు విదేశీ సాయంతో తయారుచేసుకున్న మనుషులు వీళ్లే. ఇది అప్పు కంటే పెద్ద నష్టం. దీనికి మందు ఏ దాత దగ్గరా లేదు. 2023లో ఇప్పటి రాజు జిగ్మే ఖేసర్ ప్రకటించిన, దక్షిణ సరిహద్దులోని కొత్త గెలెఫు నగరం, దాన్ని అస్సాంలోని కోక్రాఝార్‌తో కలిపే రైలు మార్గం ఈ వలసను ఆపే ప్రయత్నాలే. ఫలితం తెలియడానికి చాలా ఏళ్లు పడుతుంది.

జలవిద్యుత్‌లో మాత్రం పాఠం నేర్చిన గుర్తులున్నాయి. కొత్త ప్రాజెక్టులను ప్రభుత్వాల మధ్య గ్రాంటు-అప్పు ఒప్పందంగా కాకుండా కంపెనీలుగా పెడుతున్నారు. 600 మెగావాట్ల ఖోలాంగ్‌చులోనూ, 1,125 మెగావాట్ల డోర్జిలుంగ్‌లోనూ భూటాన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థకు 60 శాతం, టాటా పవర్‌కు 40 శాతం వాటా. డోర్జిలుంగ్‌కు ప్రపంచ బ్యాంకు రుణం తోడైంది. భాగస్వాములు ముగ్గురు కావడంతో లెక్కలు ముగ్గురూ చూస్తారు, భూగర్భ పరిశోధన మీద ప్రశ్నలు ముందే వస్తాయి. మెజారిటీ వాటా కాబట్టి లాభంలో పెద్ద భాగం భూటాన్‌దే, నష్టంలోనూ పెద్ద భాగం దానిదే. ఖర్చు పెరిగినప్పుడు ఎవరెంత మోయాలి, ఏ ధరకు ఎన్నేళ్లు కరెంటు కొనాలి, చలికాలపు లోటు ఎలా పూడ్చాలి అన్న వాక్యాలను ఈసారి స్నేహం మీద వదిలేయకుండా ఎంత గట్టిగా రాసుకున్నారో డోర్జిలుంగ్ కట్టే కురిచ్చు నది ఒడ్డున తవ్వకాలు సాగుతున్నప్పుడే బయటపడుతుంది.